నాలుగో అధ్యాయానికి జ్ఞానతల్లి

అయోవా,
1994 అక్టోబరు 2

కూకా అత్తయ్యకు,

మీరు కులాసా అని, బేకరీలో పొయ్యి కులాసా అని, మీ మోకాలు మాత్రం ఎప్పటిలాగే ఉందని తలుస్తాను. ఇక్కడ మేమిద్దరం చాలా బాగున్నాం. ఈ ముక్క ఇలారియో పక్కన నిలబడి రాయించాడు. ఇప్పుడు లైబ్రరీకి వెళ్ళాడు కాబట్టి మిగతాది నేను రాస్తాను.

మేం బాగా లేము అత్తయ్యా.

మీ మేనల్లుడు నాలుగేళ్ళుగా రాస్తున్న థీసిసును అట్టపెట్టెలో సర్ది, ఆ పెట్టెను వంటింటి సింకు కిందకు తోశాడు. దాని మీద ఉల్లిపాయల సంచీ పెట్టాడు. "అక్కడ తడుస్తుంది కదండీ" అంటే "తడవనీ" అన్నాడు.

ఆయన రాసేది మన ఇళ్ళలో ఆడవాళ్ళు టీవీ మీదా ఫ్రిజ్ మీదా పెట్టుకునే చిన్న చిన్న పీఠాల గురించని మీకు తెలుసు. కొవ్వొత్తులు, పునీతుల బొమ్మలు, పోయినవాళ్ళ ఫొటోలు. మొత్తం నాలుగు అధ్యాయాలు. ఆయన గైడు ముసలి ప్రొఫెసరు, మర్యాదస్తుడు. టీ తాగుతూ, "చాలా ఆసక్తిగా ఉంది ఇలారియో, కానీ ఇది మతమా, వంటింటి అలవాటా?" అన్నాడట. ఈయన ఇంటికొచ్చి గంటసేపు గోడతో వాదించాడు. గోడ ఏమీ అనలేదు.

ఆ డిపార్ట్‌మెంటులో మనవాళ్ళు ఇంకొకరు లేరు. ఎవరైనా మెక్సికో మాటెత్తితే అందరి తలకాయలూ ఈయన వైపు తిరుగుతాయట, ఆ దేశాన్ని ఈయనే కట్టించినట్టు. "నేను పుట్టింది టెక్సస్‌లో, మా అత్త బేకరీ వెనక గదిలో" అని ఈయన చెప్పినా వినిపించుకోరు.

మే నెలాఖరులోగా థీసిస్ ఇవ్వకపోతే ఇక తీసుకోబోమని యూనివర్సిటీ ఉత్తరం పంపింది. ఈయన కాఫీ కప్పు దాని మీదే పెట్టుకుంటున్నాడు. "క్రిస్మసుకి లరేడో వెళ్ళిపోదాం. అత్త దగ్గర పొయ్యి ముందు నిలబడతాను. రొట్టెను చూసి ఇది మతమా అని ఎవరూ అడగరు" అంటున్నాడు.

మీతో నాకు ఒకటే పని. ఆయన అడిగితే పని ఖాళీ లేదని చెప్పండి. నేను అయిదో తరగతి దాకా చదివినదాన్ని. ఆయన రాసిన ప్రతి పేజీనీ భోజనాల దగ్గర మన స్పానిష్ భాషలో నాకు చెప్పేవాడు. నాలుగేళ్ళు విన్నాను. ఆయన సగంలో ఆపితే నాదీ సగంలోనే ఆగుతుంది. ఈ మాట ఆయనతో అనలేను, నోరు రాదు.

మీ ఆంపారో

---

లరేడో,
అక్టోబరు 12

పిల్లా,

నా మోకాలు నీ కబురుకంటే నయంగానే ఉంది.

పని లేదని చెప్పాలా? పనుంది. ఆప్రాన్ కూడా కుట్టించాను. నీలం గీతల గుడ్డ, జేబు మీద వాడి పేరు. నాకు అరవై మూడేళ్ళు తల్లీ, పొద్దున లేచి బస్తాడు పిండి కలపడానికి నాకేమన్నా నాలుగు చేతులున్నాయా? వాణ్ణి పెంచింది నేను. చదువుకుంటానంటే సరే పో అన్నాను, రెండేళ్ళలో వస్తాడనుకుని. రొట్టె కూడా అంతసేపు కాలదు!

గల్లా పక్కన గుర్రమెక్కి ఉండే పునీత మార్టిన్‌గారు నీకు గుర్తే కదా. దుకాణం పెట్టినప్పటినుంచీ ప్రతి మంగళవారం ఆయన గుర్రానికి గుప్పెడు గడ్డి, గ్లాసుడు నీళ్ళు పెడుతున్నాను. వీడు వెళ్ళిన మర్నాడే గడ్డి ఆపేశాను. నా పిల్లవాణ్ణి తెచ్చిస్తే అప్పుడు తింటుంది లెమ్మన్నాను. నాలుగేళ్ళయింది. గుర్రం చిక్కిందని బేరానికొచ్చినవాళ్ళు కూడా అంటున్నారు. సున్నపు బొమ్మ ఎలా చిక్కుతుందే అంటే, చూడు కూకా, డొక్కలు కనిపిస్తున్నాయి అంటారు.

ఇంకోటి. నిజం చెప్పు, వాడు ఏ మతంలో కలిశాడు? మతాలు చదువుతున్నాడని ఫాదర్‌గారితో చెబితే "ఎన్ని?" అని అడిగాడు. ఆదివారం పూజలో వాడి పేరు చదివించాడు, దారి తప్పినవాళ్ళ జాబితాలో, ఇద్దరు తాగుబోతుల మధ్య. ఎందులో చేరినా ఫరవాలేదు కానీ, ఇంటింటికీ తిరిగి తలుపులు కొట్టేవాళ్ళలో చేరితే మాత్రం నా తలుపు కొట్టొద్దని చెప్పు.

పక్కింటి చెలో తన కూతురికి పదిహేనో ఏటి పండుగ చేశాడు. చెలో దగ్గర ఏముంది, మీసాలు తప్ప? జ్ఞానస్నానంలో బిడ్డను పట్టినట్టే ఈ ఖర్చూ తలొకరు పట్టారు. గౌను ఒక జ్ఞానతల్లిది, కేకు ఒక జ్ఞానతండ్రిది, కిరీటం ఇంకొకరిది, బాజాలు ఇంకొకరివి. అద్దె కుర్చీలకు కూడా ఒక జ్ఞానతండ్రి దొరికాడు! పిలుపు కార్డులో అందరి పేర్లూ వేయించాడు. చెలో సొంతంగా చేసిందల్లా ఏడవడం. మనవాళ్ళు ఏ పనీ ఒంటరిగా చేయరే. నీ మొగుడు ఒక్కడే ఎత్తబోయాడు, నడుం పట్టేసింది. మూటా ముల్లే సర్ది తీసుకొచ్చెయ్.

కూకా

---

అయోవా,
అక్టోబరు 24

అత్తయ్యా,

మీ సలహాకు ఎంత రుణపడ్డానో చెప్పలేను. మీరంత వివరంగా చెప్పకపోతే నాకు తట్టేది కాదు.

ముందు మతం సంగతి. ఆయన ఎందులోనూ చేరలేదు. వంట గురించి రాసేవాడు వండాలని లేదు కదా, అలాంటిది. ఫాదర్‌గారికి చెప్పి పేరు తీయించండి.

మొన్న డిపార్ట్‌మెంటు వాళ్ళందరినీ గైడుగారు ఇంటికి పిలిచారు. ఎవరైనా నన్ను పలకరిస్తారేమోనని నేను నలభై నిమిషాలు వాళ్ళ బాత్రూములో ఉన్నాను. గైడుగారి భార్య తలుపు తట్టి "నీకు ఒంట్లో బాగుందా?" అని అడిగితే, బాగుందని చెప్పడానికి కూడా సిగ్గేసి కుళాయి తిప్పాను. అలాంటిదాన్ని ఇప్పుడేం చేశానో వినండి.

ఆయన కోటు జేబులో పాత కాగితాల కట్ట ఒకటి ఉంది. పోయిన ఏడాది మతాల మీద జరిగిన మహాసభలో ఎవరెవరు మాట్లాడారో పేర్లు, చిరునామాలు. కొన్ని వందల పేర్లు. వేలు పెట్టి వెతికితే మన పేర్లు మూడు దొరికాయి. నొయెమీ, ఎవరిస్తో, లెయొకాడియా. ఒకరు చికాగోలో, ఒకరు టెనెస్సీలో చదువుతున్నారు, మూడో ఆవిడ న్యూమెక్సికోలో పాఠాలు చెబుతారు. ఆయన ఒక్కరితోనూ మాట్లాడలేదట. "ఎవరి గొడవ వాళ్ళది" అన్నాడు.

మన సరుకులమ్మే కొట్టుకు వెళ్ళి కార్డులు కొన్నాను. అక్కడున్నవి పసిపిల్లల జ్ఞానస్నానానికి పిలిచే నీలం అంచు కార్డులే, అవే తీసుకున్నాను. 'ఎన్నాళ్ళుగానో మా ఇంట్లో ఎదురుచూస్తున్నది ఇక బయటికి రావాలి. మీరు జ్ఞానతండ్రిగా, జ్ఞానతల్లిగా ఉండాలి. మొదటిది మీరు పట్టండి, రెండోది మీరు పట్టండి' అని తలొకరికీ రాశాను, చెలో కార్డులోలాగే అందరి పేర్లూ వేసి. నవంబరు 19 శనివారం మధ్యాహ్నం భోజనానికి రమ్మన్నాను. థీసిస్ అని రాయడానికి బిడియమేసింది. నాలాంటిది ఆ మాట రాస్తే బాగుంటుందా? వచ్చాక చెప్పొచ్చనుకున్నాను.

అధ్యాయాలు నాలుగు, మనుషులు ముగ్గురు. అందుకని నాలుగో కార్డు మీకు పంపాను, శనివారం పోస్టులో వేశాను. మీకు ఈ ఉత్తరంకంటే ముందే అందుతుందేమో. నాలుగో అధ్యాయంలో ఉన్నది మీ బేకరీయే కదా.

ఇలారియోకు ఏమీ చెప్పలేదు.

మీ మాట జవదాటని ఆంపారో

---

లరేడో,
అక్టోబరు 27

నా బంగారు కొండా!

కార్డు అందింది. ఉత్తరం ఏదీ రాలేదు, నువ్వు నడుం వాల్చి ఉంటావు, రాయకు, పడుకో. నీలం అంచు చూడగానే పిండి కలపడం ఆపేశాను. మగపిల్లాడా? ఎన్నో నెలని కూడా రాయలేదు, నీ సిగ్గు పాడుగాను! 'ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్నది' అని నువ్వు రాసిన ముక్క బేరానికొచ్చిన వాళ్ళందరికీ చదివి వినిపించాను. చెలో మళ్ళీ ఏడ్చాడు.

నాలుగోది పట్టమన్నావు. నాలుగోదంటే బూట్లు కదా? గౌను, కొవ్వొత్తి, తలకు టోపీ, తరవాత బూట్లు. అల్లేశాను. తెల్ల నూలు, నీలం ముడి.

గుర్రానికి గడ్డి వేశాను. గుప్పెడు కాదు, గంపెడు. గుర్రం కనిపించడం లేదు, పైన మార్టిన్‌గారి టోపీ ఒక్కటే కనిపిస్తోంది. ఆయన రాజీకి వచ్చాడు, నేనూ వచ్చాను. ఫాదర్‌గారు వాడి పేరును తాగుబోతుల మధ్య నుంచి తీసి బాలింతల జాబితాలో పెట్టారు. అదీ తప్పే, అయినా ఉండనీ.

బరువులెత్తకు. ఆ సింకు కింద పెట్టెను వాణ్ణే తీయమను.

నీ కూకా అత్త

---

లరేడో,
అక్టోబరు 31

ఆంపారోకు,

నీ ఉత్తరం అందింది.

అధ్యాయమా? కాగితాల కట్టకు నేను బూట్లు అల్లానా?

ఊరంతా ఇప్పుడు ఎన్నో నెల అని అడుగుతోంది. నాలుగేళ్ళని చెప్పమంటావా? గడ్డి తీసేశాను. నాలుగేళ్ళు పస్తున్న జీవం నోటి దగ్గర నుంచి గంపెడు గడ్డి ఎత్తుకెళ్ళిన పాపం నీదీ నీ మొగుడిదీ. నేనేమో ఒంటరిగా చేయలేడు, ఇంటికి తీసుకురా అని రాశాను. నువ్వేమో అక్కడే ఉండడానికి మనుషుల్ని పోగేశావు.

ఇక నాకు రాయకు. నేనూ రాయను.

రెఫూహియో అరెదోండో

---

అయోవా,
నవంబరు 22

అత్తయ్యా,

రాయొద్దన్నారు. పూర్తి పేరుతో సంతకం కూడా పెట్టారు. అయినా జ్ఞానతల్లికి జరిగింది చెప్పకపోవడం తప్పు కాబట్టి రాస్తున్నాను.

శనివారం మధ్యాహ్నం గుమ్మంలో ఇద్దరు నిలబడ్డారు. నొయెమీ చికాగో నుంచి ఏడు గంటలు బస్సులో వచ్చింది, చేతిలో పసిపిల్లల తెల్ల పట్టు గౌను. ఎవరిస్తో టెనెస్సీ నుంచి ఒక పాత కారులో వచ్చాడు, భుజం మీద తనంత పొడుగు కొవ్వొత్తి. న్యూమెక్సికో నుంచి లెయొకాడియాగారు రాలేదు కానీ పోస్టులో వెండి గిన్నె, చిన్న టోపీ పంపారు.

"బాబెక్కడ?" అంది నొయెమీ.

నేను వాళ్ళను వంటింట్లోకి తీసుకెళ్ళి ఉల్లిపాయల సంచీ పక్కకు పెట్టి పెట్టె బయటికి లాగాను. ఎవరిస్తో ఫాదర్ కావాల్సినవాడట, అభిషేకానికి ఏడాది ముందు సెమినరీలోంచి బయటికి వచ్చేశాడు. ఆయన వంగి పెట్టె ఎత్తి చూసి "బరువు బాగానే ఉన్నాడు. కొంచెం ఉల్లి వాసన" అన్నాడు. నొయెమీ నవ్వుతూ నేల మీద కూలబడింది.

అత్తయ్యా, కార్డులో వివరంగా రాయకపోవడమే మేలైంది. మొదటిదంటే ఏమిటి, రెండోదంటే ఏమిటని తెలియక వీళ్ళు ముగ్గురూ ఒకరి నంబరు ఒకరు వెతుక్కుని ఫోన్లు చేసుకున్నారట. "గౌను నీదా నాదా?" అని మొదలైన మాట రెండు గంటలు సాగిందట. ముగ్గురికీ తాముండే చోట మనవాళ్ళు ఇంకొకరు లేరు. ఎవరిస్తో గైడు రెండేళ్ళ కిందట మానేసి వెళ్ళిపోయిన ఇంకో కుర్రాడి పేరుతో ఇప్పటికీ ఆయన్ను పిలుస్తాడట. "మొదట్లో దిద్దేవాణ్ణి. ఇప్పుడు పలుకుతున్నాను. ఆ కుర్రాడికి మంచి మార్కులే వచ్చేవి" అన్నాడు.

"ముక్కూ మొహం తెలియనివాళ్ళు పిలిస్తే ఎందుకొచ్చారు?" అని అడిగాను. అంత మాట అడగడం నాకే ఆశ్చర్యమైంది.

"మాది పెంతెకోస్తు ఇల్లు" అంది నొయెమీ. "మాలో పసిపిల్లలకు బాప్తిస్మమే ఇవ్వరు. జ్ఞానతల్లులూ ఉండరు. మా నాన్న పాస్టరు, తెలిసిందంటే నన్ను మళ్ళీ నీళ్ళలో ముంచుతాడు. కానీ ప్యూర్టోరికోలో మా నానమ్మ కాథలిక్. జ్ఞానతల్లివి కమ్మని పిలిస్తే కాదన్నానని వింటే సమాధిలోంచి లేచొస్తుంది. కాదనడం ఎలా ఉంటుందో మన ఇళ్ళలో ఎవరికి నేర్పారు చెప్పు?"

అప్పుడే ఇలారియో పాల డబ్బాతో లోపలికి వచ్చాడు. వంటింటి నేల మీద ఆయన థీసిస్ తెల్ల పట్టు గౌను వేసుకుని ఉంది. పక్కన కొవ్వొత్తి వెలుగుతోంది.

"వీళ్ళెవరు?" అన్నాడు.

"చుట్టాలండీ" అన్నాను.

ఆయనకు కోపం వచ్చింది, తరవాత సిగ్గేసింది, తరవాత బీన్సు తిన్నాడు. వాళ్ళు వెళ్ళేసరికి మొదటి అధ్యాయం నొయెమీ సంచీలో, రెండోది ఎవరిస్తో కారులో, మూడోది లెయొకాడియాగారి పేరు రాసిన కవరులో ఉన్నాయి. నాలుగోది ఎవరూ ముట్టుకోలేదు. అది మీది.

ఆంపారో

---

అయోవా,
1995 జనవరి 29

అత్తయ్యా,

మీ దగ్గర నుంచి ఉత్తరం రాలేదు. ముగ్గురు రాజుల పండుగ రొట్టె మాత్రం వచ్చింది. చీటీ లేదు, పంపినవాళ్ళ పేరు లేదు, పెట్టె మీద మీ చేతిరాత. వచ్చేసరికి రాయిలా ఉంది, కాఫీలో నానబెట్టుకుని మొత్తం తిన్నాం. లోపల దాచిన బాలయేసు బొమ్మ ఇలారియో పంటికి తగిలింది. పన్ను కొంచెం విరిగింది. బొమ్మ దొరికినవాళ్ళు ఫిబ్రవరి రెండున అందరికీ మొక్కజొన్న తమాలేలు వండి పెట్టాలి కాబట్టి నొయెమీ, ఎవరిస్తో మళ్ళీ వస్తున్నారు.

ప్రతి శనివారం మూడు ఫోన్లు వస్తాయి. నొయెమీ హలో అనదు, "పేజీలెన్ని?" అంటుంది. ఈయన అబద్ధం చెబితే ఎవరిస్తో కనిపెట్టేస్తాడు. సెమినరీలో అంతకంటే బాగా అబద్ధమాడేవాళ్ళను చూశాడట. లెయొకాడియాగారు మూడో అధ్యాయాన్ని ఎర్ర సిరాలో ముంచి పంపారు. చివర 'ఇంత భయపడుతూ రాస్తే దేవుడికి కూడా అర్థం కాదు' అని రాశారు. ఆవిడ ఫోన్ చేస్తే నేను స్నానాల గదిలోకి వెళ్ళిపోతాను. ఈయన కూడా వాళ్ళ కాగితాలు చదివి, వాళ్ళను తిడుతున్నాడు. తిట్టేటప్పుడు ఎంత హుషారుగా ఉంటాడో!

మూడు అధ్యాయాలు ఒక దారికి వచ్చాయి. నాలుగోది రాలేదు. గైడుగారు ఇప్పుడు మెత్తబడ్డారు కానీ మీ దగ్గర ఆగిపోయారు. "ఈ బేకరీ ఆవిడ పునీతుణ్ణి బెదిరిస్తోందా, ప్రార్థిస్తోందా? ఏదో ఒకటి తేల్చు. తేల్చలేకపోతే ఈ అధ్యాయం తీసెయ్" అన్నారు. మిగతా మూడూ దీని కోసమే రాశానని ఈయన అంటున్నాడు. తీసేస్తే మిగిలేది గోడలు లేని కప్పట. పెట్టె మళ్ళీ సింకు వైపు చూస్తోంది.

అందుకని నేను, "నాకు మన భాషలో చెప్పండి, రాసుకుంటాను" అన్నాను. తొమ్మిది రోజులు పట్టింది. ఆయన చెప్పడం, నేను రాయడం. మధ్యలో ఆయనే ఆగి "ఇలా అంటే ఏమిటో నాకే తెలియడం లేదు" అనేవాడు. ఆ ముప్ఫై నాలుగు పేజీలూ ఇందులో పెడుతున్నాను. నా చేతిరాత మీకు తెలిసిందే, అద్దాలు పెట్టుకోండి.

మీరు కార్డు తిప్పి పంపలేదు. అంటే ఇంకా జ్ఞానతల్లే.

ఆంపారో

---

లరేడో,
ఫిబ్రవరి 20

ఇలారియోగాడికి, వాడి పెళ్ళానికి,

రాయనన్నాను. ఇది ఉత్తరం కాదు. తప్పులు దిద్దడం.

మొదటి తప్పు. 'శ్రీమతి ఆర్., వయసు అరవై ఒకటి, దుకాణదారు.' ఆర్ ఎవర్రా? నేనేమన్నా దొంగతనం చేసి దొరికానా, పేరు దాచడానికి? వయసు కూడా తక్కువ వేశావు, దానికి మాత్రం ఏమీ అనను.

రెండో తప్పు. గల్లాకు ఎడమ పక్కన అని రాశావు. కుడి పక్కన. పదిహేడేళ్ళు దాని ఎదురుగా కూచుని మీగడ బన్నులు మింగావు, ఏ పక్కనుందో తెలియదు. నీకు డాక్టరేటు ఇస్తారు!

మూడోది. అది చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచాను. 'ఆమె గడ్డినీ నీళ్ళనూ ఆపివేసి పునీతుణ్ణి బెదిరిస్తుంది.' నీళ్ళు ఆపానా? నేను? నోరు లేని జీవానికి నీళ్ళు ఆపేంత రాక్షసినా? ఇన్నేళ్ళలో ఒక్క మంగళవారం నీళ్ళు తప్పలేదు. వరదొచ్చి వీధి మునిగినప్పుడు కూడా పెట్టాను, చుట్టూ నీళ్ళే ఉన్నా గ్లాసులో పెట్టాను.

బెదిరించడమట! బెదిరించేది అప్పులవాణ్ణి. ప్రార్థించేది పైవాణ్ణి. మార్టిన్‌గారు నాకు ఇంట్లోవాడు. దుకాణం తెరిచిన రోజు నుంచీ పక్కనే కూచున్నాడు, నా మొగుడు కూడా అన్నాళ్ళు కూచోలేదు. ఇంట్లోవాళ్ళ మీద అలుగుతాం. అలిగితే అన్నం దగ్గర మాట్లాడం, పిలిస్తే పలకం, కానీ మంచినీళ్ళు అందిస్తామా లేదా? అలిగామని ఎదటివాడికి తెలియాలి, అలిగినా మనవాడేనని కూడా తెలియాలి. గడ్డి మానేసింది మొదటిదానికి. నీళ్ళు పెట్టింది రెండోదానికి. ఊళ్ళో ఏ ముసలమ్మనడిగినా చెబుతుంది. నీ గైడు ఎప్పుడూ ఎవరి మీదా అలగలేదా? పాపం, పెళ్ళాం ఉండీ ఒక్కడే ఉంటాడా?

నీ మీదా అలిగాను. ఈసారి నాలుగు నెలలు రాయలేదు. రొట్టె పంపానా లేదా? తిన్నావా లేదా? తినేటప్పుడైనా అర్థం కావద్దూ?

దిద్ది పంపు. ఎడమా కుడీ కూడా.

రెఫూహియో అరెదోండో
(ఇలాగే వెయ్యి, ఒక్క అక్షరం కూడా దాచకుండా)

---

అయోవా,
మే 15

అత్తయ్యా,

ముందు అసలు మాట. గురువారం వైవా అయింది. నెగ్గాడు.

ఇప్పుడు ఎలా అయిందో చెబుతాను, పొయ్యి చూసుకుని వచ్చి కూచోండి.

వైవాకు బయటివాళ్ళు వచ్చి కూచోవచ్చట. నాకు తెలియదు. నొయెమీ నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. వెనక బెంచీలో నేను, నొయెమీ, ఎవరిస్తో. లెయొకాడియాగారు కూడా విమానంలో వచ్చారు. నేను భయపడ్డంత పెద్దమనిషి కాదు, నా భుజం దాకా వస్తారు. బల్లకు అటు నలుగురు ప్రొఫెసర్లు, ఇటు ఈయన ఒక్కడే. కానీ వెనక నలుగురున్నాం కదా, లెక్క సరిపోయింది.

మూడు అధ్యాయాల దాకా బాగానే జవాబులు చెప్పాడు. నాలుగోది వచ్చేసరికి గైడుగారు కళ్ళజోడు తీసి, "చివరికి తేల్చావా? బెదిరింపా, ప్రార్థనా?" అన్నారు. ఈయన కాగితాలు అటూ ఇటూ తిప్పాడు. రాసిందంతా ఉంది, చెప్పాల్సింది నోట్లో లేదు. మెడ వెనక చెమట నాకు కనిపిస్తోంది. ఎవరిస్తో కొవ్వొత్తి పట్టుకున్నట్టు పిడికిలి బిగించాడు.

మీ ఉత్తరం నా సంచీలో ఉంది. ఎందుకు తెచ్చుకున్నానో నాకే తెలియదు.

లేచి నిలబడ్డాను. నేనేనా అనిపించింది. "దీనికి జ్ఞానతల్లి రాలేకపోయింది. ఆవిడ తరఫున చదువుతాను" అన్నాను. మన భాషలోనే అన్నాను, నాకు వచ్చింది అదే. ఇలారియో వెనక్కి తిరిగి చూశాడు. తరవాత అటు తిరిగి నా మాటను వాళ్ళ భాషలో చెప్పాడు. నేను 'మూడోది' నుంచి చదివాను. ఒక్కో వాక్యం నేను చదవడం, ఆయన చెప్పడం. భోజనాల దగ్గర ఎప్పుడూ ఆయన చదివేవాడు, నేను వినేదాన్ని. మొదటిసారి తిరగబడింది.

'ఒక్కడే ఉంటాడా' అన్న ముక్క ఈయన మింగేద్దామనుకున్నాడు. లెయొకాడియాగారు వెనక నుంచి, "అంతా చెప్పు" అన్నారు. చెప్పాడు.

గైడుగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. తరవాత మెల్లిగా, "మా అమ్మ ఒకసారి నాతో ఏడాది మాట్లాడలేదు" అన్నారు. "కానీ ఆదివారం ఆదివారం నా చొక్కాలు ఇస్త్రీ చేసి గుమ్మంలో పెట్టేది. అదేమిటో ఇవాళ్టిదాకా నాకెవరూ చెప్పలేదు." ఇంకేమీ అడగలేదు.

దిద్దమన్నవి రెండే. కుడి పక్కన అని మార్చాలి. మీ ఉత్తరం మొత్తం పుస్తకం చివర వెయ్యాలి, మీ పూర్తి పేరుతో.

ఇక మీకు నచ్చని సంగతి. ఈయనకు ఒహాయోలో ఒక చిన్న కాలేజీలో ఏడాదికి పాఠాలు చెప్పే పని దొరికింది. లెయొకాడియాగారు నలుగురికి ఫోన్లు చేసి తిట్టి ఇప్పించారు. ఆగస్టులో వెళ్ళాలి. ఆప్రాన్ సంగతి ఈయన రోజూ అడుగుతున్నాడు, కానీ బేకరీకి రావడం లేదు అత్తయ్యా. ఈ మాట ఆయన రాయలేక నన్ను రాయమన్నాడు.

నిన్న నాకు పోస్టులో ఒక కార్డు వచ్చింది. నీలం అంచుది. నొయెమీ పంపింది. ఆమె థీసిస్ రెండో అధ్యాయానికి నేను జ్ఞానతల్లిగా ఉండాలట. అయిదో తరగతి దాకా చదివినదాన్ని, నేనేం చదివి ఏం చెప్పగలనని ఫోన్ చేశాను. నేనే ఫోన్ చేశాను, గమనించండి. "చదవక్కర్లేదు. శనివారం శనివారం పేజీలెన్ని అని అడుగు. నేను చెప్పింది నీకు అర్థం కాకపోతే కాలేదని చెప్పు. అంతకంటే కష్టమైన పని ఈ దేశంలో ఎవరూ చేయడం లేదు" అంది.

కాదనడం మన ఇళ్ళలో నాకూ ఎవరూ నేర్పలేదు.

మీ ఆంపారో

---

లరేడో,
మే 24

ఆంపారోకు,

మీరిద్దరూ చేసింది నాకు నచ్చలేదు. నా అలక తీరిందని అనుకోకండి.

ఒహాయోలో మంచి రొట్టె దొరకదు. వారం వారం పంపుతాను, చీటీ పెట్టను.

ఆప్రాన్ జేబు మీద పేరు విప్పేసి నేనే కట్టుకుంటున్నాను. పొయ్యి దగ్గరకు చెలో పెద్దకూతుర్ని పెట్టుకున్నాను, అదే, పదిహేనో ఏటి పండుగ చేసుకున్నదాని అక్క. చేతిలో పనితనం ఉంది, నోరు లేదు. అచ్చం నువ్వే. నోరు వచ్చేదాకా ఉంచుకుంటాను.

ఆ గైడుకు రెండు డజన్ల మీగడ బన్నులు వేరే కట్టాను. వాళ్ళమ్మ ఏం చేసిందో వాడికి తెలియకుండా ఇన్నాళ్ళు బతికాడంటే నాకు రెండు పూటలా అన్నం సయించలేదు. నువ్వు నీ చేత్తో ఇవ్వు. బాత్రూములో దాక్కోకుండా.

అల్లిన బూట్లు ఇందులోనే పెడుతున్నాను. నొయెమీ అధ్యాయానికి తొడుగు. ఇంకెవరికైనా అవసరమైతే అప్పుడు వేరే జత అల్లుతాను, తొందరేం లేదు, నేను ఎన్నో నెల అని అడగను.

ఇవాళ మంగళవారం కాదు. అయినా పొద్దున గల్లా తెరవక ముందే గుర్రానికి గడ్డి వేశాను.

తింటోంది.

కూకా